డిక్కీలో దీపం

బ్యాటరీ మేస్త్రి రోజూ పొద్దున్నే కొట్టు తెరవగానే వోల్టు మీటరు తుడిచి కళ్ళకద్దుకునేవాడు. "స్వామీ, ఇది చూపించిందే నా నోట పలికించు" అని దణ్ణం పెట్టుకున్నాకే పనికి దిగేవాడు. భారీ మనిషి; నవ్వితే ముందు బొజ్జ కదిలేది.

ఒకనాడు ఒక పెద్దావిడ కారు తోయించుకుంటూ వచ్చింది. సాయంత్రం బాగానే ఉన్న బ్యాటరీ తెల్లారేసరికి దిగిపోతోందట. మధ్యాహ్నం ఆసుపత్రి నుంచి కూతుర్నీ, కొత్తగా పుట్టిన మనవరాల్నీ ఇంటికి తేవాలి. పసిగుడ్డుతో దారిలో ఆగిపోతే ఎలాగని ఆవిడ దిగులు. "బ్యాటరీకి ఛార్జింగిచ్చే ఆల్టర్నేటరు పోయిందంటున్నారు తమ్ముడూ." మేస్త్రి తన బ్యాటరీ బిగించి, ఇంజను నడిపించి మీటరు పెట్టాడు. పద్నాలుగు వోల్టులు దాటింది. "ఛార్జింగు భేషుగ్గా ఉందక్కా. బండి ఆపాక ఎవరో కరెంటు దొంగతనంగా తాగేస్తున్నారు." ఇంజను ఆపి, ఒక్కో ఫ్యూజు పీకుతూ మీటరు చూశాడు. లోపలి దీపాల ఫ్యూజు తీయగానే కరెంటు లాగడం ఆగింది. అనుమానం డిక్కీ దీపం మీదికి పోయింది. మూత వేస్తే అది ఆరిపోవాలి. ఆరిందో లేదో చూసేదెవరు? మేస్త్రి ఫ్యూజు మళ్ళీ పెట్టేసి, చెప్పులు విడిచి, కాళ్ళు ముడుచుకుని డిక్కీలో పడుకున్నాడు. ఆవిడ భయపడుతూనే మూత వేసింది. లోపల్నుంచి నవ్వు వినిపించింది. "వెలుగుతూనే ఉందక్కా. పేపరిస్తే చదువుకుంటా." ఆయన్ని బయటికి లాగడానికి ఇద్దరు పట్టాల్సొచ్చింది, ఆవిడ కళ్ళ నీళ్ళొచ్చేలా నవ్వింది. డిక్కీ మూత దగ్గర పాడైన స్విచ్చి మార్చి, ఆవిడ బ్యాటరీ ఛార్జింగుకు పెట్టి, తన బ్యాటరీ కారులోనే వదిలి, ఆవిడ బయల్దేరబోతుంటే కిటికీలోకి వంగాడు. "వచ్చేటప్పుడు ఇటుగా రా అక్కా. హారన్ కొట్టొద్దు, పాప లేస్తుంది. కాస్త ఆపితే చాలు, చేతులు కడుక్కుని నేనే వచ్చి చూసిపోతా."