ఐలమ్మ దండ ఫోటో

హుజూర్‌నగర్ బస్టాండ్ వెనక ఒక్క షట్టరు స్టూడియో సరితది. తండా నుంచి వచ్చి, కోదాడలో ఆరేళ్లు ఒకరి దగ్గర లైట్లు పట్టి నేర్చుకున్న విద్య. చుట్టుపక్కల ఊళ్లలో ఆమె తీయని పెళ్లి లేదు, ఆమె చేత చీవాట్లు తినని పెళ్లికొడుకు లేడు. అయినా ఒకటే పిచ్చి: హైదరాబాద్‌లో ఫోటోగ్రఫీ, ఎలక్ట్రానిక్ మీడియా ఆర్ట్‌లో పీజీ చేయాలని. పోయినేడు ఇంటర్వ్యూలోనే దెబ్బతింది. ఈసారీ పోతే ఇక దరఖాస్తే పెట్టనని ఒట్టు వేసుకుంది.

ఈసారి ఇంటర్వ్యూ ఆన్‌లైన్‌లో. సరిత ల్యాప్‌టాప్ పెట్టుకుని, షట్టరు సగం దించి కూర్చుంది. సగం దించిన షట్టరంటే మనవాళ్లకు వంగి రమ్మనే అర్థం, ఆ సంగతి ఆమెకు తట్టలేదు.

తెర మీద ముగ్గురు ప్రొఫెసర్లు. నడుమనున్న మేడమ్ అడిగింది: "ఫోటోలు బాగానే తీస్తున్నారు. ఎలక్ట్రానిక్ మీడియాతో ఏం చేద్దామని?"

పోయినేడు ముంచింది ఈ ప్రశ్నే. బట్టీపట్టిన జవాబు రెండో వాక్యం దగ్గరే మరిచిపోయింది.

సరిగ్గా అప్పుడే పక్క ఊరి ఐలమ్మ వంగి లోపలికొచ్చింది. డెబ్బై ఎనిమిదేళ్ల మనిషి, జుట్టుకు నల్లరంగు, ఒంటికి కొత్త చీర.

"సరితా, జల్దీ నా దండ ఫోటో తియ్యి బిడ్డా."

"ఇంటర్వ్యూల ఉన్న అవ్వా. జర ఆగు."

"పన్నెండు గంటల బస్సుకు పోవాలె. ఈ రంగు మల్లెప్పుడేసుకుంట?"

మేడమ్‌కు కుతూహలం పుట్టింది. "దండ ఫోటో అంటే ఏంటమ్మా?"

ఐలమ్మ ల్యాప్‌టాప్‌లోకి తొంగి చూసింది. "నేను సచ్చినంక దండేసేది. మా ఆయన పోతే రేషన్ కార్డు ఫోటోనే పెద్దగ చేసి పెట్టిన్రు. పదకొండేండ్లాయె, గోడ మీదికెల్లి నన్ను కోపంగనే సూస్తుండు. నేనైతే నవ్వుకుంట ఉండాలె."

ముగ్గురు ప్రొఫెసర్లూ పడిపడి నవ్వారు. "తియ్యండి సరితా, మేం చూస్తాం," అంది మేడమ్.

కెమెరా చేతికి రాగానే సరిత భయం ఎటు పోయిందో పోయింది. ఐలమ్మ కట్టుడు పళ్లు ఊడదీసి ఆమె చేతిలో పెట్టింది. "ఇవి డాక్టర్‌వి. నవ్వు నాది."

ఫోటో చూసుకుని ముసలమ్మ మురిసిపోయింది. అంతలోనే మూతి ముడిచింది. "నవ్వుతున్న గాని సప్పుడు లేదు. దండెయ్యనీకి మా కోడలు దగ్గరికి రాంగనే కిలకిల నవ్వాలె. అయితదా?"

సరితకు జవాబు దొరికింది. "అయితది అవ్వా!" అని ల్యాప్‌టాప్ వైపు తిరిగింది. "నేను చేద్దామనుకున్నది ఇదే మేడమ్. మనిషి దగ్గరికి వస్తే నవ్వే ఫోటోలు. మా తండాల, వీళ్ల ఊర్ల ముసలోళ్ల నవ్వులన్నీ రికార్డు చేస్త. ఎట్ల చెయ్యాల్నో రాదు. గది నేర్చుకోనీకే వస్తున్న." పళ్లు పట్టుకున్న చెయ్యే ఊపుతూ చెప్పిందంతా. ఐలమ్మ తన పళ్లు ఎటు పోతే చూపు అటే తిప్పుతూ నిలబడింది.

వారానికి సీటు వచ్చినట్టు మెయిల్ వచ్చింది. సంతోషంతో కాలు నిలవక సరిత ఫ్రేము కట్టిన ఫోటో చంకన పెట్టుకుని, ఆటో ఎక్కి ఐలమ్మ ఇంటికి పోయింది.

"సీటొచ్చిందవ్వా. నీ ఫోటో నవ్వాలంటే రెండేండ్లు పడతది."

ఐలమ్మ ఫోటోను తనివితీరా చూసుకుని తిరిగి ఆమె చేతికే ఇచ్చింది. "అయితే నీ కాడనే ఉంచు. గప్పటిదాక నేను సచ్చేది లేదు."

సరిత ఆమెను వాటేసుకుంది. నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"ఏడుస్తవెందుకే," అంది ఐలమ్మ వీపు నిమురుతూ. "ఫెయిలైనా పరేషాన్ గాకు బిడ్డా. ఇంకో ఏడు బతుకుత."