బేవార్సు బర్రె

నా చిన్నప్పుడు మా ఊళ్ళో ‘బేవార్సు’ అన్న మాటను ఇద్దరికి వాడేవారు. ఒకటి, సొంతదారు తెలియని పశువు. రెండు, నేను. అమ్మా నాయినా లేరు. కృష్ణకు ఇవతలి ఒడ్డున చిన్నాయిన, అవతలి ఒడ్డున మేనమామ ఉండేవారు. నేను ఎదుటివాడి బాధ్యతేనన్న విషయంలో వారిద్దరికీ చక్కటి ఏకాభిప్రాయం ఉండేది.

ఒక వానాకాలం వరదలో ఈదుకుంటూ ఒక బర్రె మా ఒడ్డెక్కింది. పక్కింటి చాచా దాన్ని బందెలదొడ్డిలో కట్టేశాడు. దిక్కులేని పశువులను సొంతదారు వచ్చేదాకా ఉంచే ఆ సర్కారు దొడ్డికి ఆయనే కాపలాదారు. పాడిబర్రె కావడంతో వారసులకు కొరత రాలేదు. మా ఒడ్డెక్కింది కాబట్టి నాదేనన్నాడు చిన్నాయిన. మా ఒడ్డున నీళ్ళలో దిగింది కాబట్టి నాదేనంటూ మేనమామ పుట్టిలో నది దాటి వచ్చాడు. నన్ను చూడటానికి ఆయన ఎన్నడూ నది దాటలేదు. పాపం, నీళ్ళంటే భయమేమో అనుకునేవాణ్ణి.

“కొమ్ములు జూస్తలేవా? గిది మా ఊరి బర్రె” అన్నాడు మేనమామ.

“కొమ్ముల మీద ఊరి పేరు రాసున్నదా బావా?” అన్నాడు చిన్నాయిన.

చాచా తొందరపడే మనిషి కాదు. బర్రెకు గడ్డి వేసి, చేతులు దులుపుకొని అన్నాడు. “అసలు సొంతదారు వస్తే ఇచ్చేస్త. రాకుంటే, ఆఖరుకు యాడ మేసిందో ఆడిదే. గిన్ని దినాల సంది మేసింది సర్కారు దొడ్డిల. ఇగ సర్కారుదే.”

చిన్నాయినకు మండింది. “గట్లయితే గీ బేవార్సు పోరణ్ని గూడ సర్కారుకే రాసియ్యి చాచా!”

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వకపోతే అన్నది నన్నేనని తెలిసిపోతుంది కదా.

చాచా ఒక్కడే నవ్వలేదు. “బేటా, రాత్రి యాడ తిన్నవు?” అని అడిగాడు.

“మీ ఇంట్ల.”

“మొన్న?”

“మీ ఇంట్లనే.”

“ఇగ ఫైసల అయింది. పా, చాచీ రొట్టెలు చేస్తాంది” అని నా భుజం మీద చెయ్యి వేశాడు.

బర్రె గురించి వాళ్ళిద్దరూ పొద్దుగూకే దాకా గొణుగుతూనే ఉన్నారు. నా విషయంలో మాత్రం ఎవరూ అప్పీలుకు పోలేదు. వెనక్కి తిరిగి చూశాను గానీ, ఇద్దరూ బర్రెవైపే చూస్తున్నారు.

తర్వాత ఆ ఊరు ప్రాజెక్టు నీళ్ళలో మునిగింది. చాచా, చాచీల సమాధులూ మునిగాయి. అంటే, నా అసలు చిరునామా ప్రస్తుతం కృష్ణ అడుగున ఉంది. రెండు ఒడ్లూ ఇప్పుడు రెండు రాష్ట్రాలు. ఉమ్మడిగా ఉన్ననాటి ఆస్తుల్లో ఎవరివో తేలనివాటి గురించి పెద్దలు మళ్ళీ కూర్చున్నారని పేపర్లో చదివినప్పుడల్లా చాచా గుర్తొస్తాడు. ఆయనుంటే పగటి అన్నానికి ముందే తేల్చేసేవాడు.

కొల్లాపూర్‌లో ఒక్కణ్ణే కిరాయికి ఉంటున్నాను. రాత్రి ఎక్కడ తిన్నావని అడిగేవాళ్ళు లేరు. అందుకే ఎవరు గడప తొక్కినా ఊరూ పేరూ అడగను. తిన్నావా అని అడుగుతాను. వచ్చినవాళ్ళు నాలుగు ముద్దలు తిన్నారా, ఆ పూటకు నేను బేవార్సును కాను.