షహనాజ్‌కు పడిన ‘సి’

మా చిన్నప్పుడు పరీక్షలైపోయిన ఆదివారం గోదావరిఖనిలోని మా క్వార్టరే స్టాఫ్ రూమ్ అయిపోయేది...

అమ్మ మా బడిలోనే తెలుగు టీచర్. ముందు గదిలో చాప పరిచి, బొగ్గుల సిగిడి మీద చాయ్ పెట్టేది. లెక్కలు చెప్పే కిష్టయ్య సార్, సోషల్ చెప్పే మేరమ్మ టీచర్ వచ్చేవాళ్లు. ప్రోగ్రెస్ కార్డులో మార్కుల కింద ఇంకో రెండు గడులుండేవి... శ్రద్ధ, ప్రవర్తన. ఒక్కరి కోపమో ఇష్టమో పిల్లల మీద పడకూడదని, ఆ గడుల్లో ఏ, బి, సి ఏది వేసినా ముగ్గురూ మాట్లాడుకునే వేయాలని హెడ్మాస్టర్ గారు చెప్పారు.

మంచి పద్ధతే. వంటింట్లో పల్లీలు ఒలుస్తూ అన్నీ వినేదాన్ని. ఎవరి అల్లరో తలచుకుని వాళ్లు నవ్వుకుంటుంటే నాకూ నవ్వొచ్చేది.

మేం ఏడో తరగతిలో ఉన్నప్పుడు, అర్ధ సంవత్సరం పరీక్షల తర్వాత, షహనాజ్ పేరు వచ్చింది.

షహనాజ్ నా పక్కన కూర్చునేది. వాళ్ల నాన్న యూసుఫ్ కాకది బొగ్గు బాయిలో పని. ఇంట్లో మాట్లాడుకునేది ఉర్దూ... అయినా తెలుగు పద్యం చదవడంలో మా క్లాసులో షహనాజ్ తర్వాతే ఎవరైనా.

"దినాం లేటే. నా పీరియడ్ సగమైనంక వస్తది. ఎందుకని అడిగితె తల దించుకుంటది, జవాబియ్యది" అన్నారు కిష్టయ్య సార్.

"మధ్యాహ్నం నా క్లాసుల నిద్రపోతది అక్కా. లేపితె లేస్తది, మల్ల తల వాలుస్తది" అంది మేరమ్మ టీచర్.

"నా క్లాసుల మంచిగుంటది సార్. పద్యాలన్ని నోటికి అప్పజెప్తది" అంది అమ్మ.

"తెలుగొక్కటే సదువా మేడం?" సార్ నవ్వుతూనే అన్నారు. ఆయన చెడ్డవాడు కాదు...

అమ్మ ఇంకో మాట అనలేదు. ఇద్దరు ఒక మాట మీద ఉన్నారు. పొద్దు గుంకుతోంది, ఇంకా చాలా కార్డులున్నాయి. రెండు గడుల్లోనూ సి పడింది. కింద సార్ ఎర్ర సిరాతో ‘చదువుపై శ్రద్ధ లేదు’ అని రాశారు.

సంతకం కోసం కార్డు ఇంటికి వెళ్లింది. షహనాజ్ మళ్లీ బడికి రాలేదు.

కొన్నాళ్లు చూసి, ముగ్గురూ కలిసి వాళ్ల క్వార్టర్‌కు బయల్దేరారు. అమ్మ నన్నూ వెంటబెట్టుకుంది.

సాయంత్రం. యూసుఫ్ కాక నైట్ షిఫ్టుకు తయారవుతున్నాడు. లోపలి గదిలో షహనాజ్ వాళ్ల అమ్మీ మంచంలో ఉంది... చాలాకాలంగా లేవలేని మనిషని చూడగానే తెలుస్తోంది. షహనాజ్ చంకలో చిన్న తమ్ముడు. తెల్లారకముందే నల్లా దగ్గర నీళ్లు పట్టి, తల్లికి మొహం కడిగి, డ్యూటీ దిగి వచ్చే తండ్రికి రొట్టెలు చేసిపెట్టి, అప్పుడు బడికి పరుగెత్తుకొచ్చేదట ఆ పిల్ల. ముగ్గురు టీచర్లకూ, పక్కనే కూర్చునే నాకూ ఆ సంగతి తెలిసింది ఆ రోజే.

యూసుఫ్ కాక గాబరాగా నులక మంచం వాల్చి కూర్చోబెట్టాడు.

"మాకు మీ ఇంటి సంగతి తెల్వదు భాయ్. పిల్లను బడికి తోలు" అన్నారు కిష్టయ్య సార్.

"నాకు సదువు రాదు సార్. పక్కింటాయనతోని సదివిపిచ్చుకున్న. నా బిడ్డకు శ్రద్ధ లేదని రాసున్నదట..." ఆయన గొంతులో కోపం లేదు. "ఇంత కష్టంల గూడ సదువుకుంటదని నేనే తోలిన. దానికే మనసు లేనప్పుడు ఎందుకు సతాయించాలె అనుకున్న."

"ముగ్గురం కూసోని తప్పు రాసినం భాయ్. కార్డు ఇటియ్యి, కొట్టేసి మల్ల రాస్త."

"ముగ్గురు కూసోని మాట్లాడుకోని రాసింది తప్పెట్లయితది సార్? నా మనసు నొవ్వొద్దని అంటున్నరు మీరు."

వాళ్ల మీద ఆయనకున్న నమ్మకమే వాళ్ల మాట వినకుండా చేసింది...

అమ్మ షహనాజ్ భుజం మీద చెయ్యి వేసింది. షహనాజ్ తమ్ముణ్ణి ఇంకో చంకకు మార్చుకుని మెల్లగా అడిగింది.

"పద్యాలు అప్పజెప్పిన గద టీచర్... అయ్యి లెక్కకు రావా?"

అమ్మ ఆ పిల్ల చంకలోంచి తమ్ముణ్ణి తను ఎత్తుకుంది. కార్డు తీసుకోకుండానే ముగ్గురూ వెనుదిరిగారు.

కిష్టయ్య సార్ మాత్రం వదల్లేదు. సెలవు రోజుల్లో పుస్తకం పట్టుకుని వాళ్లింటికి వెళ్లి లెక్కలు చెప్పొచ్చేవారు. ఎండలు ముదరకముందే వాళ్ల అమ్మీ పోయింది. పిల్లల్ని చూసుకునే దిక్కు కావాలని యూసుఫ్ కాక కొత్తగూడెం బదిలీ పెట్టుకుని, చెల్లెలి ఇంటి దగ్గరికి వెళ్లిపోయాడు. షహనాజ్ అక్కడ కూడా బడికి పోలేదని, చిన్నతనంలోనే పెళ్లి చేశారని తర్వాతెప్పుడో ఎవరో చెప్పారు. ఆ పూట అమ్మ అన్నం ముట్టలేదు.

ఆ తర్వాతా పరీక్షలైన ఆదివారం ముగ్గురూ మా ఇంట్లోనే కూర్చునేవాళ్లు. నవ్వులు తగ్గాయి. ఎవరికైనా సి వేయాల్సి వస్తే కలం పక్కన పెట్టి, ముందు ఆ పిల్లల ఇంటికి వెళ్లొచ్చేవాళ్లు. క్లాసులో ఎవరైనా తల వాలిస్తే మేరమ్మ టీచర్ లేపేది కాదు... గొంతు తగ్గించి పాఠం చెప్పేది.

అమ్మ మాత్రం ఏ సందర్భమూ లేకుండా, బియ్యం ఏరుతూ ఏరుతూ అనేది... "నేనొక్కదాన్నైనా గట్టిగ అనాల్సుండె."

ఇప్పుడు మా అబ్బాయి ప్రవర్తనకు బడి యాప్ నుంచి ఫోన్లోనే స్టార్లు వస్తాయి. ఎవరు వేశారో, ఎవరిని అడిగి వేశారో తెలియదు. పిల్ల రావట్లేదని ఇల్లు వెతుక్కుంటూ వచ్చి, తప్పు రాశామని ఒప్పుకునే టీచర్లను నేను మళ్లీ చూడలేదు...

మీ క్లాసులోనూ చెప్పాపెట్టకుండా బడి మానేసిన పిల్ల ఒకతె ఉండే ఉంటుంది. పేరు గుర్తుంటే ఇక్కడ ఒక్కసారి రాయండి... ఆమె గురించి వినాలని ఉంది.