కావాలని వేసిన వంకర పువ్వు

సోలో అనే ఊళ్లో యజమానికి తప్పు చూపించడమంటే మర్యాద తప్పడమే. లస్తారి నడిపే బాతిక్ అద్దకం కార్ఖానాలో ఆమె ఏమడిగినా పనిచేసే ఆడవాళ్లు "చిత్తం అమ్మగారూ" అనేవారు. ఆ పాడు మర్యాదకు తానులకు తానులే బలయ్యేవి. విసిగిపోయిన లస్తారి ఒకరోజు వాళ్ల మధ్య చతికిలబడి, బట్టమీద మైనంతో వేసే పువ్వును కావాలనే వంకరగా వేసింది.

"ఇదేం పువ్వమ్మా తల్లీ, పీతలా ఉంది!" అని ముసలి తుకినెమ్ పకపకా నవ్వింది.

ఆ నవ్వుల్లో ఇంకొకామె నోరు విప్పింది. "అసలు మైనమే సరిగ్గా కాగట్లేదమ్మగారూ."

అప్పటినుంచి లస్తారి తరచూ ఒక పీతను వేసి, వాళ్ల నోట పనిలోని పది తప్పులు రాబట్టేది.

ఇప్పుడామెకు డెబ్బై దాటాయి. పువ్వులు వాటంతటవే వంకరపోతున్నాయి. పీతను చూసి అందరూ ఇంకా నవ్వుతారు. చేతులు వణుకుతున్నాయని మాత్రం ఎవరూ అనరు.