టికెట్టు లేని నక్షత్రాలు

గుంతకల్లులో రైల్వే క్వార్టరు, నాకు టికెట్లు తనిఖీ చేసే ఉద్యోగం. రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో ముందు గదిలో గాజు తొట్టి పెట్టి, ఉప్పునీళ్లలో పగడాలు పెంచేవాణ్ణి. నాలుగు రోజులకోసారి కుళాయి వచ్చే ఊళ్లో సముద్రాన్ని సాకడమేమిటని అందరూ నవ్వారు. డ్యూటీ దిగి వచ్చాక నాకు మనిషి ముఖం చూడబుద్ధయ్యేది కాదు. ఆ ఆకుపచ్చ పగడాల గుత్తి ఒక్కటే నన్నేమీ అడగకుండా విచ్చుకునేది.

ఆ ఎండాకాలం అది ముడుచుకుపోసాగింది. చూస్తే దానిమీద తెల్లటి నక్షత్ర చేపలు, బియ్యపు గింజంతవి. నేను కొన్నవి కావు. మద్రాసు నుంచి తెచ్చిన సముద్రపు రాతి సందుల్లో దాక్కుని వచ్చాయి. ఇంటర్నెట్ సెంటర్లో కూర్చుని బొమ్మలతో పోల్చి చూశాను. ఒకదానికి ఐదు కాళ్లు, ఇంకోదానికి ఆరు, అవీ ఒకటి పొడుగు, ఒకటి పొట్టి. ఈ జాతిలో పాచి తినేవీ ఉంటాయట, పగడం తినేవీ ఉంటాయట, బొమ్మ చూసి తేల్చలేమట. నేను తేల్చేశాను. టికెట్టు లేకుండా వచ్చినవాడు దొంగ కాక ఇంకేమవుతాడు? దొరికినదాన్నల్లా తొట్టిలోనే బ్లేడుతో కోశాను. కొన్నాళ్లకు అవి ఇంకా ఎక్కువయ్యాయి.

ఊళ్లో వేరుశనగ పంట ఎండిపోయాక మా నాయన వచ్చి మా దగ్గరే ఉన్నాడు. నా బ్లేడు పని చూసి, "గరికను కోస్తే పోతాదేమిరా? ముక్కకొకటి లేస్తాది" అన్నాడు.

తర్వాత చేనికి కాపలా ఉన్నట్టు తొట్టి ముందు కుర్చీ వేసుకుని మూడు రోజులు కూర్చున్నాడు. నాలుగో రోజు నేను బూట్లు విప్పుతుంటే పిలిచాడు.

"బాగుండే పగడం జోలికి ఒక్కటీ పోలేదప్పా. సచ్చిండే తావులోనే మేస్తాండాయి. నువ్వు బిందెతో పోస్తాండావే, ఆ నీళ్లు యాడివి?"

బోరువి. ఆవిరైపోయిన నీళ్లకు బదులు లవణాలు తీసేసిన క్యాను నీళ్లు పోయాలి. ఆ ఎండల్లో క్యాన్లు మోసుకొచ్చే ఓపిక లేక, బిందెకు తెల్లగా పొర కట్టే బోరు నీళ్లే పోస్తూ వచ్చాను. తెలియక కాదు, అలసిపోయి. బూటు చేతిలో పట్టుకుని అలాగే కూర్చుండిపోయాను. సిగ్గేసింది.

నాయన నన్ను తిట్టలేదు.

"నేను గూడా పురుగే అనుకొని చేనికి మందు కొట్టినా. ఆడ పంట నీళ్లు లేక సచ్చింది. ఈడ నువ్వు పోసి సంపినావు. లే, అన్నం తిందాం."