వేలికి తెలిసే బటన్

2023 మార్చి. రంజాన్ నెల ఇంకా మొదలుకాలేదు గానీ ఇబ్రహీంపట్నంలో ఎండ మాత్రం అప్పటికే నెత్తి మాడుస్తోంది. బస్టాండుకు దగ్గరలోనే మా సెల్‌ఫోన్ రిపేరు దుకాణం. పెట్టింది మా ఆయన. ఆయన పోయాక అమ్మేయమని చుట్టాలంతా చెవిలో జోరీగల్లా పోరారు. ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా చదివింది నేను, ఆయనకు సోల్డరింగ్ నేర్పింది నేను, ఇంకెవరికో ఎందుకు అమ్మాలని నేనే వచ్చి కూర్చున్నాను. మొదట్లో వింతగా చూసినవాళ్లే ఇప్పుడు "స్వరూపక్కకు చూపిద్దాం" అంటూ వస్తారు. శేరిగూడ కాలేజీల పిల్లలైతే ఫోన్ కింద పడగానే బస్సెక్కుతారు.

కౌంటర్ అద్దం మీద అప్పట్లో ఒక కాగితం అంటించి ఉండేది: "కాపీ ఫోన్లు రిపేరు చేయబడవు." కాపీ అంటే, పెద్ద కంపెనీ ఖరీదైన ఫోన్‌ను చూసి పైపైన అచ్చం అట్లాగే దించిన నకిలీ. అంచు వంపు అదే, వెనక గుర్తు అదే, డబ్బా కూడా అదే. విప్పితే బండారం బయటపడుతుంది. బరువు తెలియడానికి లోపల ఒక ఇనుప రేకు అంటించి ఉంటుంది. వెనకున్న రెండు కెమెరాల్లో ఒకటి ఉత్త గాజుబిళ్ల. గిల్టు నగలు చేసేవాడికైనా కాస్త సిగ్గుంటుందేమో గానీ వీళ్లకు లేదని తిట్టుకునేదాన్ని. అందుకే ఆ కాగితం.

ఒక మధ్యాహ్నం ఇద్దరు ఆడవాళ్లు వచ్చారు. మంచాల దారిలో ఒక పల్లె వాళ్లది. పెద్దామె సుల్తానా. నలభై దాటి ఉండదు, షుగర్ వల్ల చూపు పోయింది. ఆమె చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది తోడికోడలు నసీం. సుల్తానా కొంగులోంచి ఒక ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టింది. పెద్ద కంపెనీది, అసలుది, కింద గుండ్రటి బటన్ ఉండే పాత మోడల్.

"అక్కా, ఈ బటన్ ఒత్తితే మునుపు అన్నీ పలికేది. ఇప్పుడు మూగదాని లెక్క ఉంటుంది. జర చూడు."

"నేను తెరిచిస్తున్న గద భాబీ, ఎందుకు పరేషాన్?" అంది నసీం. ఆ గొంతులో విసుగేమీ లేదు, మంచి పిల్లే.

"నసీం, ఎట్లాగు అచ్చినం, అంగడికి పోయి ఖర్జూరాలు తేరాదు" అని సుల్తానా ఆమెను పంపేసింది. చెప్పుల చప్పుడు దూరమయ్యేదాకా ఆగి నన్నడిగింది.

"పోయిందా అక్కా?"

"పోయింది. చెప్పు."

"మా ఆయన కువైట్ల డ్రైవరు. ఆడికెల్లి ఫోన్ సరిగ కలవది. గందుకే మాటలు నింపి పంపుకుంటం, ఆయన పంపింది నేను వింట, నేను చెప్పింది ఆయన వింటడు. ఆయన పోయిన్నాడు నాకు జర్రంత చూపుండె. మొకం మసకమసకగ యాదికుంది. ఇగ గొంతుతోనే మా కాపురం." కౌంటర్ మీది ఫోన్‌ను తడిమింది. "గీ బటన్ పోయినకాంచి నసీమే తెరుస్తది, నసీమే పట్టుకుంటది. ఆమె ముంగట మొగనితోని ఏం మాట్లాడుత? తిన్నవా, పన్నవా, గంతే. మొన్న ఆయన అడిగిండు, 'నా మీద మనసు విరిగిందా? మునుపటి లెక్క మాట్లాడుతలేవు' అని. గది గూడ నసీమే తెరిచింది, నసీమే విన్నది. నేను 'ఏం లేదు, మంచిగున్న' అన్న. ఈ ఏడు సెలవు గూడ ఇస్తలేరంట అక్కా."

ఫోన్ రిపేరుకు వచ్చినవాళ్లు ఫొటోలు పోయాయంటారు, నంబర్లు పోయాయంటారు. సొంత మొగుడితో మాట్లాడే చాటు పోయిందని వచ్చిన మనిషిని నేను చూడలేదు.

విప్పి చూశాను. అంతకుముందు స్క్రీన్ పగిలితే ఎక్కడో మార్పించారు. మార్చినవాడు తొందరలో బటన్ ఫ్లెక్స్ చింపాడు. ఫ్లెక్స్ అంటే బటన్‌ను లోపలి బోర్డుకు కలిపే ఉల్లిపొర లాంటి తీగల పట్టీ. చింపి, ఆ సంగతి చెప్పకుండా, బటన్‌కు బదులు తెర మీద ఒక చుక్క వచ్చేట్టు పెట్టిచ్చాడు. చూపున్నవాళ్లకు అది చాలు. చూపులేని మనిషి గాజు మీద చుక్కను ఎట్లా వెతుక్కుంటుంది? ఆ మేస్త్రీ ఎదురుగా ఉంటే రెండు మాటలు అనేదాన్ని.

కొత్త బటన్ వేస్తే సరిపోదా అంటారు. సరిపోదు. వేలిముద్రను గుర్తుపట్టేది ఆ బటనే కాబట్టి దొంగలు మార్చకుండా కంపెనీ దాన్ని బోర్డుతో జత కట్టింది. మా భాషలో పెయిరింగ్. వేరే బటన్ పెడితే బోర్డు దాన్ని పరాయిదానిలా చూస్తుంది, పలకదు. భద్రత కోసం చేసిందే, కాదనను. దాని ధర మాత్రం ఇట్లాంటి మనిషి కడుతుంది.

ఇక మిగిలింది చిరిగిన చోట జంపర్ వేయడం, అంటే వెంట్రుకంత రాగి తీగతో తెగినదాన్ని అతకడం. రెండు రోజులు ఫోన్ నా దగ్గరే ఉంచుకున్నాను. ఒకసారి బటన్ పలికింది. నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను కూడా. బిగించేసరికి మళ్లీ చచ్చింది.

వాళ్లు తిరిగి వచ్చినప్పుడు బటన్ లేని కొత్త ఫోన్ ఒకటి సుల్తానా చేతికిచ్చాను. ఇప్పుడన్నీ అవే. బటన్ తీసేస్తే తెర కింది అంచు దాకా పోతుంది, దుమ్ము దూరే సందు ఒకటి తగ్గుతుంది. పెద్ద కంపెనీ ఒక లెక్క వేసుకుని తీసేసింది. మిగతావాళ్లు పులిని చూసి నక్క వాత పెట్టుకున్నట్టు తీసేశారు. చూపులేని పిల్లలు కొందరు ఆ గాజు మీదనే అలవోకగా వేలు జరిపి వాడటం నాకు తెలుసు. కానీ సుల్తానాకు షుగర్ వేలికొసల స్పర్శను కూడా కొంత తినేసింది.

"ఇది పలక లెక్క ఉంది అక్కా. ఏడ మొదలు, ఏడ ఆఖరు?" అంది. పదిసార్లు జరిపితే నాలుగుసార్లు కుదిరింది.

నోటితో చెబితే పని చేసే సౌకర్యం పెడదామనుకున్నాను. "ఆయన పేరు చెప్పు, ఆయనకే పోతది," అన్నాను.

సుల్తానా నాలుక కరుచుకుంది. "తోబ! పేరు తీస్తనా?"

"మరి ఏమని పిలుస్తవ్?"

"ఇగో, ఇంటున్నవా అంట."

సరే, ఆయన నంబరుకు పేరుగా అదే రాసి పెట్టాను. ఆమె బిడియంగా "ఇగో, ఇంటున్నవా" అంది. ఫోన్ ఇంగ్లీషులో అర్థం కాలేదంది. మళ్లీ అంది, ఇంకొంచెం గట్టిగా. ఫోన్ మళ్లీ అదే పాట. నసీం నవ్వింది, నేనూ నవ్వాను, సుల్తానా కూడా నవ్వి, నవ్వుతూనే కళ్లొత్తుకుంది.

"ఇంత ఒర్లితే ఊరంత వింటది. వద్దక్కా."

అప్పుడు గుర్తొచ్చింది నాకు, అడుగు సొరుగులో పడున్న కాపీ. కాలేజీ పిల్లవాడొకడు అది నకిలీ అని తెలిసి, ఏమన్నా చేసుకోమని వదిలేసి పోయాడు. సుల్తానా ఫోన్‌కే కాపీ. చూపు ఉన్నవాళ్లను మోసం చేయడానికి చేసింది కాబట్టి కొలతలో, బరువులో, బటన్ ఉన్న చోటులో వెంట్రుకవాసి తేడా లేదు. బటన్ లోపల మాత్రం పెయిరింగూ లేదు, వేలిముద్రా లేదు. చవకరకం స్విచ్చు, నొక్కితే కిందికి పోయి టక్కుమంటుంది. అంతటి చవకది కాబట్టే పాడైతే పది నిమిషాల్లో మార్చొచ్చు. చార్జింగు పెట్టి, తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే స్క్రీన్ రీడర్ ఆన్ చేశాను. బటన్ రెండుసార్లు నొక్కితే నేరుగా ఆయనకు మాట నింపే చోటే తెరుచుకునేట్టు అమర్చాను. నా కాగితం నన్నే చూస్తున్నట్టుంది. చూడనీ అనుకున్నాను.

"సుల్తానా, దాచకుండ చెప్త. ఇది కాపీ. తెర మబ్బుగుంటది, ఫొటోలు మంచిగ రావు. బ్యాంకు పనులు దీంట్ల అసలే పెట్టొద్దు, భరోసా లేదు. నీ పాత మాటలు గూడ దీంట్లకు రావు, అవి పాత ఫోన్లనే ఉంటయ్."

ఆమె అప్పటికే బొటనవేలితో బటన్ నొక్కుతోంది. టక్. మళ్లీ నొక్కింది. టక్.

"తెర మబ్బుగుంటే నాకేంది, ఫొటోలు నాకేంది?" అంది. "ఆయన మాటలు అందరు విన్నయే, ఎవరితోనన్న పాత ఫోన్ తెరిపిచ్చుకుంట. నేను చెప్పేటియే ఎవ్వరు వినొద్దు."

ఆ ఫోన్‌ను చేసినవాడు తన తెలివంతా చూపుకు పెట్టాడు. ఆ చూపుతో పనిలేని మనిషికి వాడు పట్టించుకోని ఆ చవక స్విచ్చు అక్కరకొచ్చింది. ఇన్నేళ్లుగా నేను అసలు, నకిలీ అని రెండు కుప్పలు పోసి, ఒకదాన్ని నెత్తిన పెట్టుకుని, ఇంకోదాన్ని తన్నేశాను. రెండూ ఎవరి చేతిలోకి పోతాయో ఎప్పుడూ ఆలోచించలేదు.

నసీం బయట ఎవరో తెలిసినామె కనబడితే పలకరించడానికి వెళ్లింది. సుల్తానా తలుపు వైపు చెవి పెట్టి విని, గొంతు తగ్గించింది.

"అక్కా, ఏమనుకోకు. నువ్వు గూడ జర బయటికి పోతవా?"

నా దుకాణంలోంచి నన్నే పొమ్మంటోంది! ఇంకెవరైనా అయితే ఒకటి వడ్డించేదాన్ని. నోరు మూసుకుని బయటికి వచ్చి అద్దం తలుపు దగ్గరికేశాను. ఎండ ముఖాన కొట్టింది. లోపల ఆమె గోడ వైపు తిరిగింది. ఫోన్‌ను పెదవులకు ఆనించుకుంది, రెండో చెయ్యి అడ్డం పెట్టుకుంది. మాటలు వినబడలేదు. భుజాలు మాత్రం కదులుతున్నాయి. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు.

మా ఆయన ఉన్నప్పుడు ఆ ఇరుకు దుకాణంలో పొద్దంతా పక్కపక్కనే కూర్చునేవాళ్లం. చార్జరు ఎక్కడుంది, అన్నం తిందామా, ఇవే మాటలు. చెప్పాల్సినవి ఎప్పుడో చెప్పుకుందాంలే అన్నట్టు ఉండిపోయాం. ఇప్పుడు నా దగ్గర ఎన్ని ఫోన్లు! అన్నీ పలుకుతాయి, ఏ ఒక్కటీ ఆయన దగ్గరికి పోదు. సుల్తానాను చూస్తూ ఆ ఎండలో నాకు ఆయన మీద బెంగ పుట్టుకొచ్చింది. అంత బెంగ ఆయన పోయిన దినాల్లో కూడా పడలేదు.

హయత్‌నగర్ నుంచి వచ్చే గిరాకీ ఒకాయన బండి ఆపాడు. "ఏందక్కా, దుకాణం ఇడిచిపెట్టి ఎండల నిలబడ్డవ్?"

"లోపల మనిషి ఫోన్ల మాట్లాడుతుందన్నా. జరసేపాగు."

"ఎవలితోని?"

"ఆమె మొగనితోని. కువైట్ల ఉంటడు."

ఆయన అద్దంలోంచి చూసి, ఇన్నాళ్లూ నా సొరుగులో పడున్న ఫోన్‌ను ఆనవాలు పట్టి పెదవి విరిచాడు. "గది కాపీ గదనే. దాంట్ల మాట్లాడితే గంత దూరం పోతదా?"

"పోతదన్నా," అన్నాను. "మస్తు దూరం పోతది."