టీచరు గారి నాలుగు గొంతులు

మా పాటల టీచరు గారు పోయారని రేపల్లె నుంచి ఆవిడ చెల్లెలి కొడుకు ఫోన్ చేసినప్పుడు నేను తెనాలిలో నా వాయిద్యాల కొట్టు తీస్తున్నాను. నిద్రలోనే పోయారట. సగం ఎత్తిన షట్టరు పట్టుకునే విన్నాను. తర్వాత అతను అడిగాడు, ఆవిడ పాడుకునే పెట్టెలో గొంతు ఉంటుంది కదా, సమాధి దగ్గర వినిపించవచ్చా అని. ఉండదని చెప్పాను. దాచిపెట్టే రకం కాదది. స్విచ్ ఆపగానే పాడిందంతా తుడిచేస్తుంది.

"మరి పెద్దమ్మ దాన్నెందుకు కొనుక్కుందన్నా?" అన్నాడు.

అమ్మింది నేనే. వద్దని చెప్పిందీ నేనే.

మీలో చాలామంది ఆ పెట్టెను చూసి ఉండరు. లూపర్ అంటారు. కాళ్ల దగ్గర పెట్టుకుని, ఒకసారి నొక్కి పాడితే రికార్డు చేసుకుంటుంది. మళ్లీ నొక్కితే ఆ ముక్కనే తిప్పి తిప్పి వినిపిస్తుంది. దాని మీద ఇంకో గొంతు, ఆ పైన ఇంకోటి కలుపుకోవచ్చు. మామూలుగా గిటారు వాయించే కుర్రాళ్లు కొంటారు. బడిలో మాకు పాటలు నేర్పి రిటైరై, రేపల్లెలో చర్చి క్వైరును ఏళ్ల తరబడి నడిపిన మనిషి ఒక మధ్యాహ్నం రైలు దిగి వచ్చి అదే కావాలన్నారు. కొట్లో ఏ వాయిద్యం శ్రుతి తప్పినా నాకు తెలుస్తుందంటే అది ఆవిడ పెట్టిన భిక్షే. కాదనలేక తీసి చూపించాను.

అప్పటికి క్వైరు చెదిరిపోయింది. పాట అసలు వరస కింద తోడుగా నడిచే గొంతులు మూడుంటాయి, ఆల్టో, టెనర్, బేస్ అని. ఆల్టో పాడే అమ్మాయి పెళ్లయి చేబ్రోలు వెళ్లింది. బేస్ పాడే ఆయనకు బాపట్ల బదిలీ అయింది. టెనర్ పాడే, అందరూ బాబాయి అనే పెద్దాయన కూతురి దగ్గరకని తెనాలి వచ్చేశారు. మిగిలినవాళ్లంతా పాట అసలు వరసే పాడతారు. దానికి ఆసరాగా నిలిచే గొంతులు లేవు.

కొట్లోనే చెప్పు విడిచి, కాలి బొటనవేలితో నొక్కి చూశారు. నొక్కటం ఒక్క క్షణం ముందయింది. పాట ఎత్తుకునే ముందు తీసుకున్న ఊపిరి కూడా అందులో పడింది. పాట తిరిగి వచ్చినప్పుడల్లా ఆ ఊపిరి చప్పుడూ వచ్చేది.

"ఎవరబ్బాయ్ ఆ ఆయాసపడేది?" అని నవ్వారు.

చెరిపేద్దామంటే, చివర కలిపిన గొంతొక్కటే చెరుగుతుంది. అడుగున పడ్డ తప్పు పోవాలంటే మొత్తం తీసేసి మొదటి నుంచి పాడుకోవాలి. ఇవన్నీ చెప్పాను. అమ్ముకునేవాణ్ణయి ఉండి కూడా వద్దనే చెప్పాను. అన్నీ విని, తలాడించి, సంచిలో పెట్టుకుని వెళ్లారు.

క్వైరులో ఆవిడ ఎప్పుడూ చెప్పే మాట ఒకటుంది. అందరూ ఒకేచోట ఊపిరి తీసుకోకండి, ఒకరు తీసుకుంటుంటే పక్కవాళ్లు పాటను మోయాలి అని. ప్రాక్టీసుకు ఆలస్యంగా వచ్చినవాళ్లను తిట్టేవారు కాదు. పక్కనున్నవాళ్లను కాస్త జరగమనేవారు, అంతే. అలాంటి మనిషి తలుపు వేసుకుని, తన గొంతుకు తానే తోడు పాడుకోవటం నేను వైర్లు కలపటానికి వాళ్లింటికి వెళ్లినప్పుడు చూశాను. టెనర్ భాగానికి కిందికి దిగలేక గొంతు గరగరలాడుతోంది. అయినా మానలేదు.

ఒక పాత శిష్యురాలి పెళ్లి బాపట్లలో జరిగింది. పెళ్లికూతురు నడిచి వచ్చేటప్పుడు టీచరు గారు పాడాలి. స్పీకరు చూసుకోవటానికి నేనూ వెళ్లాను. ఆవిడ నాలుగు గొంతులూ ఒకదాని మీద ఒకటి పేర్చేసరికి, ఇంకా ఎవరు పాడుతున్నారా అని జనమంతా తలలు తిప్పి చూశారు. అప్పుడు పెళ్లికూతురు తాతగారి చెయ్యి పట్టుకుని గుమ్మంలోకి వచ్చింది. ఆయన కర్ర ఆనించి, ఆగి, ఒక్కో అడుగే వేస్తున్నారు. పాడేది మనుషులైతే టీచరు గారు చెయ్యి కాస్త దించేవారు, పాట నెమ్మదించేది. పెట్టె ఆ చెయ్యిని చూడదు. దాని వేగం దానిదే. ఆయన పాటను అందుకోవాలని తొందరపడి తూలారు. మనవరాలు గట్టిగా పట్టుకుంది.

టీచరు గారు కాలితో నొక్కి దాన్ని ఆపేశారు. అంత పెద్ద హాలూ బోసిపోయింది. ఆ తర్వాత ఆవిడ ఒక్కరే, ఆయన అడుగు పడేదాకా మాటను సాగదీస్తూ పాడారు. ఆయన ముందుకు చేరటానికి చాలాసేపు పట్టింది. ఎవరూ కదల్లేదు.

బయటికి వచ్చాక, ఆ పెట్టె తిరిగి తీసుకుంటానన్నాను.

"దానికి ఆయన కనపళ్లేదు. నాకు కనపడ్డారుగా, చాల్లే," అన్నారు.

ఇక మానేస్తారనుకున్నాను. తర్వాతి ఆదివారం చర్చికి మళ్లీ అదే పట్టుకెళ్లారు. ఎందుకండీ అంటే, మనుషుల్ని రమ్మని అడిగి అడిగి విసుగొచ్చింది, దీన్ని బతిమాలక్కర్లేదు అన్నారు. ఇంకోసారి అడిగితే వేరే మాట చెప్పారు.

"వాళ్ల భాగాలు నేను పాడుతుంటే, వాళ్లొచ్చి పక్కన కూర్చున్నట్టుంటది అబ్బాయ్."

రెండూ ఎలా నిజమవుతాయో నాకు అంతుపట్టదు. వాళ్లు లేకపోయినా గడుస్తుందని చెప్పటానికా, వాళ్లు లేకపోతే గడవదనా? ఆవిడకైనా తెలుసో లేదో.

సమాధి దగ్గరికి చెదిరినవాళ్లంతా వచ్చారు. పాట ఎవరు ఎత్తుకోవాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. తీరా ఎత్తుకున్నాక అందరం అసలు వరసే పాడాం. టెనర్ బాబాయి కూడా. తన భాగం ఒక్క ముక్క గుర్తురాలేదట.

తిరుగు రైల్లో బాబాయి, నేను ఎదురెదురుగా కూర్చున్నాం. వేమూరు దాటాక, కోసిన పొలాల వంక చూస్తూ ఆయన చిన్నగా కూనిరాగం తీయటం మొదలుపెట్టారు. మొదట అదేంటో తెలియలేదు. తర్వాత పోల్చుకున్నాను, సమాధి దగ్గర గుర్తురాని ఆ టెనర్ భాగం. వరస లేకుండా అదొక్కటే వింటే పాటలా ఉండదు. ఒకే స్వరం మీద చాలాసేపు నిలబడుతుంది, ఎటో కొంచెం జరుగుతుంది, మళ్లీ నిలబడుతుంది.

బుట్ట పక్కన పెట్టుకుని కూర్చున్న ఒకామె కాసేపు విని, "ఏం పాటండి బాబాయిగారూ అది?" అంది.

ఆయన నా వంక చూశారు. వరస అందుకుందామని నోరు తెరిచాను కానీ, ఎక్కడ కలవాలో తెలియలేదు. ఆయన కళ్లు మూసుకుని పాడుతూనే ఉన్నారు. ఆమె బుట్టను ఒళ్లోకి తీసుకుని, తల ఒక పక్కకు వంచి, ఇంకా వింటోంది.